ముందు చూడవలె, పిదప సేవ చేయవలె: ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం

బీదరు నుండి గాని, హైదరాబాదు నుండి గాని రోగిని ఆసుపత్రి విడిపించి ఇంటికి తెచ్చిన రోజున సరిహద్దు పల్లెల కుటుంబాలలో మొదట వినబడే ప్రశ్న ఒక్కటే: ఎవరు చూచుకోవాలి? రోగికి ఏమేమి కావాలి అన్న ప్రశ్న చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. ఆ రెండవ ప్రశ్ననే ముందు వేయవలెనని లోకానికి నేర్పిన వనిత ఫ్లారెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమె పేరయింది. తండ్రి స్వయంగా చదువు చెప్పాడు. కాని రోగుల సేవ చేస్తానన్నప్పుడు ఇల్లంతా అడ్డుపడింది. ఆ కాలంలో ఆ వృత్తికి గౌరవం లేదు. ఏండ్ల తరబడి ఓపిక పట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి నిర్వహణ చేపట్టింది.

1854 నవంబరులో, క్రిమియా యుద్ధ కాలంలో, 38 మంది పరిచారికలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. వంటశాలను, పడకలను, బట్టల ఉతుకును చక్కదిద్దింది. రాత్రివేళ దీపం పట్టుకొని రోగుల మధ్య తిరిగింది. అయినను మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది చనిపోయారు. భవనం క్రింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. గదులలో గాలి ఆడదు. మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘం కాలువలను శుభ్రపరచిన తరువాత మరణాలు వేగంగా తగ్గాయి. అసలు లోపం ఆహారం, సామగ్రి కొరతలలో ఉన్నదని ఆమె మొదట భావించింది. యుద్ధానంతరం గణాంకవేత్త విలియం ఫార్ సాయంతో లెక్కలు పరిశీలించినప్పుడు నిజం బోధపడింది. సేవలో శ్రద్ధ తక్కువ కాలేదు. అవసరాన్ని గుర్తించుటలోనే పొరపాటు జరిగింది. ఆ బాధ ఆమె తరువాతి జీవితానికి దారి చూపింది.

1860 నాటికి వెలువడిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అనే గ్రంథాన్ని ఆమె ముఖ్యంగా ఇంటిలో రోగిని చూచుకొనే స్త్రీల కొరకు వ్రాసింది. బాగా నిద్రపట్టిందా అని అడుగుట చాలదనీ, ఎన్ని గంటలు, ఏ వేళలో నిద్రించినదీ తెలుసుకోవాలనీ బోధించింది. రోగి అన్నం తినకపోతే వంటలో లోపమా, పదార్థం తగనిదా, వేళ తప్పిందా, నిజంగానే ఆకలి లేదా అని వేరువేరుగా విచారించమన్నది. గాలి, నీరు, మురుగు పారుదల, శుభ్రత, వెలుతురు అనే ఐదింటినీ ఇంటిలో ముందుగా చూడమన్నది.

లివర్‌పూల్ వర్తకుడు విలియం రాత్‌బోన్ 1859లో భార్యను కోల్పోయాడు. ఆమెకు సేవ చేసిన పరిచారికనే పేదల ఇండ్లకు పంపాడు. అట్టివారు మరికొందరు కావాలని నైటింగేల్‌ను సలహా అడుగగా, ఆ ఊరిలోనే శిక్షణ ఇప్పించమని ఆమె సూచించింది. పిదప నగరాన్ని 18 విభాగాలు చేసి, పరిచారికలను నియమించారు. లండన్‌లో ఇదే పని ఆరంభించే ముందు, 1874లో, ఆమె శిష్యురాలు ఫ్లారెన్స్ లీస్ పేద రోగులకు ఇండ్లలో అందుతున్న సేవను, అందులోని లోపాలను విచారించింది.

నైటింగేల్ భారతదేశంలో అడుగు పెట్టలేదు. అయినను 1859లో ఏర్పడిన రాజ సంఘం పక్షాన ఇక్కడి సైనిక కేంద్రాలకు ప్రశ్నావళులు పంపడంలో ముఖ్యపాత్ర వహించింది. నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది, ఎందరు ఏ జబ్బుతో పోయారు అన్నవి ఆ ప్రశ్నలు. నాడు బీదరు వలెనే నిజాం రాజ్యంలో ఉన్న సికింద్రాబాదు కూడా ఆ కేంద్రాలలో ఒకటి. 1863లో నివేదిక వెలువడింది.

1857 నుండి ఆమె తానే దీర్ఘరోగి. మంచం మీద నుండియే లేఖలు, నివేదికలు వ్రాసింది. చివరి ఏండ్లలో చూపు పోయి, పరుల సేవపై ఆధారపడింది. 1907లో ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ పొందిన తొలి మహిళ అయింది. 1910 ఆగస్టు 13న, 90 ఏండ్ల వయసులో కన్నుమూసింది.

ఆమె జీవితం నేటి ఇంటికి చెప్పే పాఠం చిన్నది. పరిచారికను పిలిచే ముందు ఒక పూట కాగితం పట్టుకొని కూర్చోవాలి. రోగి తానుగా లేచి నిలువగలడా? మరుగుదొడ్డి మెట్లు ఎక్కగలడా? మాత్రలు ఏ వేళకు ఇవ్వాలి? రాత్రి ఎవరు మేలుకుంటారు? మన సరిహద్దులో మరొకటి చేర్చవలె: తెలుగు మాత్రమే తెలిసిన అవ్వ, కన్నడం మాత్రమే తెలిసిన పరిచారికకు తన నొప్పిని ఎట్లు చెప్పుకొంటుంది? అన్నిటికంటె ముందు, నీకేమి కావాలని ఆ అవ్వనే అడగాలి.