మెదడు లయను చూసినవాడు, మనిషిని చూడలేకపోయాడు



ధ్యానానికి కూర్చుని మీరు కళ్ళు మూసుకోగానే తల వెనుక భాగంలో ఒక సన్నని విద్యుత్తు లయ పుంజుకుంటుంది. సెకనుకి ఇంచుమించు 10 సార్లు కొట్టుకునే ఆ లయ పేరు ఆల్ఫా. దాన్ని కనిపెట్టిన జర్మనీ డాక్టరు హన్స్ బెర్గర్ జీవితంలో మెచ్చుకోవలసిందీ ఉంది, మనం జాగ్రత్తపడవలసిందీ ఉంది.

బెర్గర్ 1873లో పుట్టాడు. కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి, ఫిరంగి బండి కింద నలిగిపోబోయి బతికాడు. ఆరోజే ఇంటి నుంచి తంతి వచ్చింది. ఇతనికేదో అపాయం జరిగిందని అక్కడ తోబుట్టువు కంగారుపడిందట. మనసు నుంచి మనసుకి ఏదో శక్తి పాకిందని అతను నమ్మాడు. మనలో చాలామంది అయితే మహిమ అనుకుని మొక్కేసి ఊరుకుంటాం. అతను మాత్రం కొలిచి చూద్దామని డాక్టరు చదివాడు.

యేనా నగరంలో మానసిక వైద్యశాలలో ఏళ్ల తరబడి వెతికాడు. 1924లో ఒక 17 ఏళ్ల కుర్రాడి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. పొరపాటేమోనని సొంత కొడుకు తల మీద కూడా పరీక్షించి, 1929లో గానీ ప్రచురించలేదు. చాలామంది నమ్మలేదు. 1934లో ఇంగ్లాండులో ఏడ్రియన్, మాథ్యూస్ అది నిజమేనని తేల్చారు. వెతికిన మహిమ దొరకలేదు, ఈఈజీ దొరికింది. ఇవాళ ఫిట్స్ రోగులకి తీసే పరీక్ష అదే.

కళ్ళు తెరవగానే ఆల్ఫా తగ్గడం బెర్గర్ చూశాడు. తరవాతి శాస్త్రవేత్తలు ఇంకా ముందుకెళ్ళారు. పలాసలో జీడిపప్పు ఏరే అక్కని తలచుకోండి. చూపు ఎదురుగానే ఉంచి, ధ్యాస ఎడమ పక్క కుప్ప మీద పెట్టిందనుకోండి. ఎడమ పక్కని చూసే పని మెదడు కుడి సగానిది. అక్కడ ఆల్ఫా తగ్గుతుంది. పట్టించుకోని పక్కకి సంబంధించిన సగంలో ఎక్కువగా ఉంటుంది, తలుపు దగ్గరగా వేసినట్టు. అంటే కళ్ళు తెరిచి ఉన్నంత మాత్రాన చూసినట్టు కాదు. సమ్మాసతి ఎందుకు సాధన చెయ్యాలో ఇక్కడే అర్థమవుతుంది.

ఇప్పుడు చేదు నిజం. హిట్లర్ ప్రభుత్వం కొందరికి వంశపారంపర్య జబ్బులని ముద్రవేసి, బలవంతంగా పిల్లలు పుట్టని ఆపరేషన్లు చేయించింది. ఎవరికి చెయ్యాలో తేల్చడానికి కోర్టులు పెట్టింది. యేనాలోని కోర్టులో బెర్గర్ కూర్చున్నాడు. అతను నాజీల బాధితుడని చాలాకాలం రాసుకున్నారు. పాత కాగితాలు తిరగేసిన పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. 1941లో తీవ్రమైన కుంగుబాటులో అతను ప్రాణం తీసుకున్నాడు.

పుట్టుకని బట్టి మనిషిని తక్కువ చెయ్యడం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. బాబాసాహెబ్ ప్రజ్ఞ పక్కన కరుణనీ, సమతనీ ఎందుకు నిలబెట్టారో బెర్గర్ జీవితం చూస్తే తెలుస్తుంది. ధ్యాస పదునెక్కితే చాలదు, అది ఎటు తిరిగిందో చూసుకోవాలి.

ఈ రాత్రి పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. రేపు బస్సులో డయాలసిస్‌కి వెళ్తున్న ఉద్దానం మనిషి పక్కన కూర్చుంటే, కిటికీలోంచి బయటికి చూడకండి. ఆయన్ని చూడండి, పలకరించండి.

నమో బుద్ధాయ. జై భీమ్.