కెమికల్ ఇంజనీర్ కొలిచిన బడులు

జేమ్స్ కోల్‌మన్ పేరు సోషియాలజీ పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ, ఆయన మొదట చదివింది మనలాగే ఇంజనీరింగ్. 1926లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. కొన్నాళ్ళు నేవీలో పనిచేశాక 1949లో పర్డ్యూ యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, కొడాక్ కంపెనీలో చేరాడు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి సోషియాలజీ చదవడానికి కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. మనిళ్ళల్లో అయితే ఏం జరిగేదో ఊహించుకోండి.

ముందు ఇల్లినాయ్ రాష్ట్రంలో పది హైస్కూళ్ళని పరిశీలించి 1961లో ఓ పుస్తకం రాశాడు. అక్కడి పిల్లల్లో బాగా చదివేవాడి కంటే బాగా ఆడేవాడికే గౌరవం ఎక్కువని తేల్చాడు. అసలు కథ తర్వాత మొదలైంది.

1964 పౌరహక్కుల చట్టం, నల్లజాతి పిల్లలకి చదువులో సమాన అవకాశాలు ఎంత దక్కుతున్నాయో రెండేళ్ళలో తేల్చమంది. ఆ పని కోల్‌మన్‌కి అప్పగించారు. అప్పటిదాకా మంచి బడి అంటే ఎన్ని పుస్తకాలు, ఎన్ని ల్యాబులు, టీచర్ల జీతం ఎంత అన్న లెక్కే. (మన కాలేజీల బ్రోషర్లు ఇప్పటికీ అంతే: ఎన్ని ఎకరాలు, ఎన్ని సిస్టమ్స్!) అంటే ఇన్‌పుట్ మాత్రమే. కోల్‌మన్ అవుట్‌పుట్ కూడా అడిగాడు. దాదాపు 4,000 బడుల్లో 6 లక్షల మంది పిల్లలకి పరీక్షలు పెట్టించి, ఆ మార్కులని బడి వనరులతో, ఇంటి పరిస్థితులతో కలిపి చూశాడు.

వచ్చిన జవాబు ఎవరూ అనుకోనిది. మార్కుల్లో తేడాలకి ల్యాబులు, పుస్తకాల లెక్కతో సంబంధం చాలా తక్కువ. ఇంటి నేపథ్యానిదే పెద్ద వాటా. తోటి పిల్లలు ఎవరన్నది కూడా లెక్కలోకొచ్చింది. 1966 జులైలో, 700 పేజీలు దాటిన ఆ రిపోర్టుని ప్రభుత్వం సెలవుల ముందు చడీచప్పుడు లేకుండా విడుదల చేసింది.

జనం దాన్ని బడులు దండగ అన్నట్టు చదివారు. పేద బడులకి డబ్బెందుకు అనేవాళ్ళకి మంచి సాకు దొరికింది. కానీ ఆయన కొలిచింది బడికీ బడికీ మధ్య తేడాని. అసలు బడే లేకపోతే పిల్లలు ఏమవుతారో ఆ డేటా చెప్పదు, ఎందుకంటే అందులో ఉన్నవాళ్ళందరూ బడికి వెళ్ళినవాళ్ళే.

ఇంకో గొడవ లెక్కలోనే ఉంది. డబ్బున్న ఇళ్ళ పిల్లలు డబ్బున్న బడులకే వెళ్తారు, కాబట్టి రెండింటి ప్రభావం కలగలిసి ఉంటుంది. కోల్‌మన్ ఇంటి నేపథ్యాన్ని లెక్కలో ముందు పెట్టి, బడిని తర్వాత పెట్టాడు. దాంతో ఉమ్మడి వాటా మొత్తం ఇంటి ఖాతాలో పడింది. బౌల్స్, లెవిన్ అనే ఆర్థికవేత్తలు దీన్నే పట్టుకున్నారు. నాకైతే వాళ్ళ వాదనే గట్టిగా అనిపిస్తుంది. ఆర్డర్ మారిస్తే బడి వాటా పెరుగుతుంది మరి.

ఆయన మాత్రం కొలవడం ఆపలేదు. నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడిలో కలపాలని కోర్టులు గట్టిగా పట్టుబడితే తెల్లవాళ్ళు నగరాలు వదిలి వెళ్ళిపోతున్నారని 1975లో చెప్పాడు. అంతకుముందు ఆయన రిపోర్టు చూపించి ఆ విధానాన్ని సమర్థించినవాళ్ళే ఇప్పుడు మండిపడ్డారు. అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడు ఆయన్ని అధికారికంగా అభిశంసించాలని చూశాడు గానీ కుదరలేదు. 1980లలో దాదాపు వెయ్యి హైస్కూళ్ళ డేటా తీసుకుని, క్యాథలిక్ బడుల పిల్లలు అదే నేపథ్యం ఉన్న ప్రభుత్వ బడి పిల్లల కంటే ముందున్నారన్నాడు. హోంవర్కు, క్రమశిక్షణ అక్కడ గట్టిగా ఉండటం కారణమన్నాడు. మళ్ళీ గొడవే.

తనని అభిశంసించాలని చూసిన ఆ సంఘానికే 1992లో అధ్యక్షుడయ్యాడు. 1995 మార్చి 25న షికాగోలో చనిపోయాడు.