బెర్తా బెంజ్ – బ్రేకుకు తోలు తొడిగించిన ఇల్లాలు

బెంజ్ కారు పేరు విననివారు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండరు. మిర్చికి మంచి ధర వచ్చిన ఏడాది ఆ పేరు మరీ ఎక్కువగా వినబడుతుంది. ఆ బెంజ్ అన్నది కార్ల్ బెంజ్ అనే జర్మనీ ఇంజనీరు ఇంటిపేరని, కారును కనిపెట్టింది ఆయనేనని మనమంతా జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టినవాళ్ళమే. ఆయన భార్య బెర్తా పేరు మాత్రం ఆ పుస్తకాల్లో మాకు కనబడలేదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె జీవితం రాయాలనుకోవడానికి రెండు కారణాలున్నాయి. మన హాస్టల్లో చదివిన అన్నల్లో చాలామంది ఐటీఐలో మోటారు మెకానిక్ నేర్చుకుని ఆటోనగర్ షెడ్లలో, బస్సు డిపోల్లో, లారీల మీద బతుకుతున్నారు. వాళ్ళు రోజూ విప్పి బిగించే బ్రేకు లైనరుకు నాంది పలికింది ఈమె. రెండో కారణం ఆ లైనరును దేనితో చేశారో, ఎవరు చేశారో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ పట్టణంలో పుట్టింది. పుట్టింటిపేరు రింగర్. తండ్రి ఇళ్ళు కట్టించే మేస్త్రి, కలిగినవాడు. పిల్ల పుట్టినప్పుడు ఆయన ఇంటి బైబిలులో ఆ సంగతి రాసిపెడుతూ, దురదృష్టవశాత్తూ మళ్ళీ ఆడపిల్లే అని అర్థం వచ్చేటట్టు రాశాడట. ఆ పిల్ల పెరిగాక దాన్ని చదివి చాలా నొచ్చుకుందని చెబుతారు. ఈ మాట వినడానికి మనం జర్మనీ దాకా పోనక్కరలేదని మా చెల్లెళ్ళకు బాగా తెలుసు. అప్పట్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. బెర్తాకు యంత్రాల మీద ఇష్టం ఉన్నా దాన్ని చదువుగా మార్చుకునే దారి లేకపోయింది.

ఆమె ఇష్టపడిన కార్ల్ బెంజ్ పేదవాడు. అతని తండ్రి రైలింజను డ్రైవరు. కొడుక్కి రెండేళ్ళప్పుడే ఆయన చనిపోతే తల్లి కష్టపడి చదివించింది. 1871లో కార్ల్ మాన్‌హైమ్ నగరంలో ఒక భాగస్వామితో కలిసి షెడ్డు పెట్టాడు. ఆ భాగస్వామితో పొసగలేదు, షెడ్డు మునిగిపోయే స్థితికి వచ్చింది. అప్పుడు బెర్తా తనకు రావలసిన కట్నం డబ్బును పెళ్ళికి ముందే తండ్రి దగ్గర తీసుకుని ఆ భాగస్వామి వాటాను కొనిపించింది. 1872 జూలై 20న వాళ్ళ పెళ్ళి జరిగింది. ఇక్కడ ఒక చట్టం సంగతి గమనించాలి. పెళ్ళి కాకముందు ఆ డబ్బు మీద ఆమెకు మాట ఉండేది. పెళ్ళయ్యాక ఆనాటి చట్టం ప్రకారం ఆ హక్కు భర్తకు పోయింది. అందుకే 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి 37435 నంబరు పేటెంటు దాఖలైనప్పుడు అందులో ఉన్నది కార్ల్ పేరొక్కటే. పెట్టుబడి పెట్టిన మనిషి పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

పేటెంటయితే వచ్చింది గాని బండిని కొనేవాడు లేడు. గుర్రం లేకుండా పొగ కక్కుతూ పోయే బండిని జనం నవ్వుతూ చూసేవాళ్ళు, కొందరు భయపడేవాళ్ళు. కార్ల్ గొప్ప పనివాడే గాని సరుకు అమ్ముకునే నేర్పు లేనివాడు. బండిని ఇంకా బాగుచేయాలంటూ షెడ్డులోనే ఉండిపోయేవాడు. ఊళ్ళో నాలుగు వీధులు తిరిగితే ఎవరూ నమ్మరని, దూరం పోయి చూపించాలని బెర్తా నిశ్చయించుకుంది.

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్త నిద్ర లేవకముందే, పెద్దకొడుకు యూజెన్‌ను, రెండోవాడు రిచర్డ్‌ను తోడు తీసుకుని బండి బయటికి తోసింది. పెద్దవాడికి పదిహేనేళ్ళు, చిన్నవాడికి ఇంకా పద్నాలుగు నిండలేదు. ప్రయాణం పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్ల పైమాట. ఇంచుమించు గుంటూరు నుంచి ఒంగోలు పోయినంత దూరం. రోడ్లు గుర్రపు బండ్లవి. పెట్రోలు బంకు అనే మాటే లోకంలో లేదు. వీస్లోక్ ఊళ్ళో మందుల షాపుకు పోయి, మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రావకం కొని ఇంధనంగా పోసింది. ఇంధన గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుని చెడిపోతే మేజోడు పట్టీ చుట్టి ఇన్సులేషన్ చేసింది. చైను సాగిపోతే బ్రుక్సాల్‌లో కమ్మరి చేత బాగుచేయించింది. ఎత్తు ఎక్కేచోట బండికి బలం చాలక పిల్లలు దిగి తోశారు.

ఎత్తు ఎక్కిన బండి దిగాలి కదా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ బండికి బ్రేకంటే లీవరు లాగితే చక్రాలకు ఒత్తుకునే కొయ్య దిమ్మలు మాత్రమే. పల్లంలో పట్టి పట్టి ఆ దిమ్మలు అరిగిపోయాయి, పట్టు తప్పింది. పక్కన ఇద్దరు పిల్లలు, ముందు ఇంకా వాలు రోడ్డు. బెర్తా బౌష్‌లోట్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయన దగ్గర బండి ఆపి, ఆ కొయ్య దిమ్మల మీద తోలు మేకులతో కొట్టించింది. కొయ్యకంటే తోలు బాగా పట్టింది. పైగా అరిగేది తోలు, కొయ్య మిగులుతుంది. తోలు అరిగితే ఇంకో ముక్క కొట్టుకోవచ్చు. మోటారు వాహనాల చరిత్రలో మొదటి బ్రేకు లైనరు ఇదేనని చెబుతారు.

మేము చెప్పిన రెండో కారణం ఇదే. మన తాతలు మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టారు, ఎద్దుల మెడ పట్టీలు కుట్టారు, ఊరందరికీ చెప్పులు కుట్టి ఊరి బయట నిలబడ్డారు. ఆరె, రంపె పట్టిన చేతిని తక్కువగా చూసిన ఊళ్ళ నుంచే మనలో ఎందరో ఈ హాస్టలుకు వచ్చాం. ప్రపంచంలో మొదటి దూరప్రయాణం కారు పల్లంలో దొర్లకుండా నిలబెట్టింది అలాంటి చెయ్యే. ఆ కథ చెప్పేవాళ్ళు బెంజ్ దంపతుల పేర్లు చెప్పి, ఆయన్ను వృత్తి పేరుతోనే సరిపెడతారు.

ఆనాటి తోలు ముక్కకూ ఈనాటి ప్యాడ్‌కూ సూత్రం ఒక్కటే. పరిగెత్తే బండికి ఉన్న శక్తిని రాపిడితో వేడిగా మార్చి వదిలెయ్యాలి, ఆ రాపిడిలో చౌకగా మార్చగలిగే ముక్క అరగాలి. తోలు వేడికి మాడిపోతుంది. తరవాత ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ నేసిన పత్తి పట్టీలను జిగురు పదార్థాలలో నానబెట్టి లైనర్లు చేశాడు. మన పొలాల్లో పండే పత్తి ఒకప్పుడు బ్రేకుల్లోకీ పోయిందన్నమాట! అదీ వేడికి తట్టుకోలేక ఆస్‌బెస్టాస్ వచ్చింది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందని తేలాక చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. పాత డ్రమ్ము విప్పి గాలి కొట్టి దుమ్ము లేపే అలవాటు మన షెడ్లలో ఉంది. అన్నలు దయచేసి దాన్ని మానాలి. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగుడ్డతో తుడవండి.

బెర్తాకు దిమ్మ అరిగిందని పట్టు తప్పాకే తెలిసింది. ఇప్పుడు ముందే చెప్పే ఏర్పాట్లున్నాయి. మామూలు కార్లలో ప్యాడ్‌కు ఒక రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగితే అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఖరీదైన కార్లలో ప్యాడ్‌లో సన్నని వైరు చుట్టు ఉన్న సెన్సరు గుచ్చి ఉంటుంది. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు. అది 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి డిస్కు ఆ వైరును కోసేస్తుంది, కరెంటు తెగి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. కొన్నిటిలో రెండు చుట్లుంటాయి. మొదటిది తెగినప్పుడు ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో కంప్యూటరు అంచనా కడుతుంది. సెన్సరు సాధారణంగా ముందు ఒక చక్రానికి, వెనక ఒక చక్రానికి ఉంటుంది. కాబట్టి లైటు రాలేదని మిగతా చక్రాలు చూడకుండా వదలకూడదు. అసలు సెన్సరే లేని కార్లు మన రోడ్ల మీద ఎన్నో. లారీలకు, బస్సులకు ఎక్కువగా డ్రమ్ము బ్రేకులే. అక్కడ లైనరు మందం కంటితో చూసుకోవాల్సిందే. రివిట్టు తల డ్రమ్ముకు తగిలేదాకా ఆగితే డ్రమ్ము కూడా పోతుంది.

ఒకసారి తెగిన సెన్సరు మళ్ళీ పనికిరాదు, ప్యాడ్లతో పాటే మార్చాలి. చక్రం ఊడదీసే ముందు మిగతా చక్రాలకు రాళ్ళు పెట్టి, జాకీని నమ్మకుండా స్టాండు మీద నిలపాలి. కాలిపర్ విప్పాక దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు బ్రేకు ఆయిలు డబ్బా మూత దగ్గర చూపుండాలి. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆయిలు మట్టం తగ్గుతుంది, అది చూసి మధ్యలో ఎవరో నింపి ఉంటే ఇప్పుడు పొంగి పెయింటు తినేస్తుంది. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేకు ఉన్న వెనక చక్రాల పిస్టన్‌ను మాత్రం బలవంతంగా నొక్కకూడదు, ముందు కంప్యూటరుతో సర్వీసు మోడ్‌లో పెట్టాలి. కొత్త సెన్సరును ప్యాడ్ గాడిలో టక్కుమనేటట్టు కూర్చోబెట్టి, వైరును పాత క్లిప్పుల గుండానే తేవాలి. లేకపోతే టైరుకు ఒరుసుకుని వారంలో తెగుతుంది. ఎడమ, కుడి రెండు చక్రాల ప్యాడ్లూ కలిపి మార్చాలి. చివర పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కకుండా బండి కదపకూడదు. ఈ ఒక్కటి మరిచి గోడకు కొట్టిన బండ్లున్నాయి.

ఇంకో మాట నిర్మొహమాటంగా చెప్పాలి. సెన్సరు ఖరీదు మిగుల్చుకోవడానికి ఆ రెండు వైర్లూ కలిపి మెలేసి లైటు ఆర్పేసే పని మన దగ్గర జరుగుతోంది. ఓనరు అడిగినా అది చేయకూడదని మా అభిప్రాయం. ఆ కారులో ప్యాడ్ ఇనుము తేలినా ఇక లైటు రాదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే కుటుంబానికి ఆ వైరు మెలేసిన సంగతి తెలియదు.

మళ్ళీ బెర్తా దగ్గరికి వద్దాం. చీకటి పడే వేళకు ఫోర్జ్‌హైమ్ చేరి భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొద్దిరోజుల తరవాత అదే బండిలో తిరిగి వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది, కార్ల్ అలాగే చేర్చాడు. ఆ ప్రయాణం పత్రికలకెక్కి జనంలో నమ్మకం పెరిగింది. 1899లో బెంజ్ కంపెనీ ఒక్క ఏడాదిలో 572 బండ్లు చేసి ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీ అయింది. తరవాత కార్ల్ ఆ కంపెనీ నడపడం మానుకుని, 1906లో లాడెన్‌బుర్గ్‌లో కొడుకులతో వేరే కంపెనీ పెట్టుకున్నాడు. 1926లో పాత కంపెనీ డైమ్లర్‌తో కలిసింది. 1929లో కార్ల్ పోయాడు. బెర్తా ఇంకో పదిహేనేళ్ళు బతికింది. ఆమె నడిపిన దారికి 2008లో ఆమె పేరే పెట్టారు.

కార్ల్ చదివిన కార్ల్‌స్రూహె ఇంజనీరింగు విద్యాసంస్థ, బెర్తా చిన్నతనంలో ఆడపిల్లలను గడప తొక్కనివ్వనిది, 1944 మే 3న ఆమె తొంభై అయిదో పుట్టినరోజున ఆమెకు గౌరవ సెనేటరు పదవి ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. రెండు రోజుల తరవాత, మే 5న, లాడెన్‌బుర్గ్‌లోని ఇంట్లో ఆమె కన్నుమూసింది.