ఒక్క కణంలో దొరికిన గుట్టు

దోమ కుడితే మలేరియా వస్తుందని ఈ రోజు చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ 1897 దాకా ఆ జ్వరం ఎలా సోకుతుందో పెద్దపెద్ద డాక్టర్లకే తెలీదు! చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మేవాళ్ళు. గుట్టు విప్పిన సర్ రొనాల్డ్ రాస్ ఆ పని చేసింది మన సికింద్రాబాదులోనే.

రాస్ 1857లో ఆల్మోరాలో పుట్టారు. ఆయనకి కవిత్వం, సంగీతం అంటే ప్రాణం. తండ్రి మాట కాదనలేక వైద్యం చదివారు. 1881లో సైనిక వైద్యుడిగా మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. అప్పట్లో మన చిత్తూరు కూడా అందులోదే.

1894లో లండన్‌లో మాన్సన్ అనే డాక్టరు దోమల మీద తనకున్న అనుమానం చెప్పారు. రాస్ తిరిగొచ్చి దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు. రెండేళ్ళయినా ఏమీ దొరకలేదు. చూస్తున్న దోమల జాతే వేరు మరి! చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చునేవారు.

హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకో అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత, 1897 ఆగస్టు 20న, అలా కుట్టిన ఒక దోమ పొట్ట గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు! రోగుల రక్తంలో మలేరియా క్రిములకి ఉండేవీ అవే. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలోనే పెరుగుతోందన్నమాట.

1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకి చేరి, కాటుతో సోకుతుందని తేల్చారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో కన్నుమూశారు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదువుతున్నారు. పప్పంతా కలిపి రుబ్బేస్తే పుచ్చుగింజ ఏదో తెలీదు కదా? చేటలో పోసి ఏరితేనే తెలుస్తుంది. ఇదీ అంతే. రోగంతో పోరాడే తెల్లకణం ఏదో, ఊరుకునేది ఏదో ఇలాగే తెలుసుకుంటున్నారు. 2019లో మలేరియా క్రిమి దశలన్నిటికీ ఇలాంటి పటం ఒకటి తయారైంది.

మరి మనం చేయాల్సింది? మలేరియా దోమ మంచినీళ్ళలోనూ గుడ్లు పెడుతుంది. వారానికోసారి తొట్టి కడిగి ఆరబెట్టండి. మిద్దె మీది ట్యాంకుకి మూత ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.