ఫ్రెడ్డీ లేకర్

సర్ ఫ్రెడ్డీ లేకర్ (ఆగష్టు 6, 1922 - ఫిబ్రవరి 9, 2006) బ్రిటన్‌కు చెందిన విమానయాన వ్యాపారవేత్త. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా చౌక విమాన ప్రయాణాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చినవారిలో ప్రముఖుడు.

తొలి జీవితం

ఈయన ఇంగ్లండులోని కాంటర్‌బరీలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మిగులు విమానాలు, విడిభాగాలు కొని అమ్మే వ్యాపారం చేపట్టాడు. 1948-49లో బెర్లిన్ నగర దిగ్బంధ కాలంలో ఈయన విమానాలు అక్కడికి సరుకులు చేరవేశాయి. తరువాత సౌత్ఎండ్ విమానాశ్రయం నుండి కార్లను, ప్రయాణీకులను ఒకే విమానంలో ఐరోపా ఖండానికి చేర్చే సర్వీసులు నడిపాడు. ఇవి ఆ ప్రాంతీయ విమానాశ్రయానికి రద్దీని తెచ్చాయి.

స్కైట్రైన్

1966లో లేకర్ ఎయిర్‌వేస్ స్థాపించాడు. లండన్ - న్యూయార్క్ మధ్య స్కైట్రైన్ సర్వీసుకు 1972లో లైసెన్సు లభించింది గాని, 1975లో ప్రభుత్వం దానిని అడ్డుకుంది. లేకర్ న్యాయస్థానంలో పోరాడి, 1976లో అప్పీలు కోర్టులో గెలిచాడు. 1977 సెప్టెంబరు 26న గాట్విక్ నుండి తొలి విమానం బయలుదేరింది. లండన్ నుండి ఒకవైపు ఛార్జీ 59 పౌండ్లు. ముందస్తు రిజర్వేషను ఉండేది కాదు; భోజనానికి వేరుగా చెల్లించాలి. 1978లో ఈయనకు సర్ బిరుదు లభించింది.

పతనం

కొత్త విమానాలకై డాలర్లలో చేసిన అప్పులు, పౌండు విలువ పతనం, ఆర్ధిక మాంద్యం, పోటీ సంస్థల ఛార్జీల తగ్గింపు కలిసి సంస్థను దెబ్బతీశాయి. 1982 ఫిబ్రవరి 5న అది మూతపడింది. పోటీ సంస్థలు కుమ్మక్కయ్యాయన్న దావా 1985లో రాజీతో ముగిసింది.

ప్రభావం

వర్జిన్ అట్లాంటిక్ స్థాపనకు ముందు రిచర్డ్ బ్రాన్సన్ ఈయన సలహాలు తీసుకున్నాడు. తక్కువ ఛార్జీ, అదనపు సదుపాయాలకు వేరు రుసుము అనే పద్ధతిని తరువాత రయన్‌ఎయిర్ వంటి సంస్థలు ఐరోపాలోని చిన్న విమానాశ్రయాలకు విస్తరింపజేశాయి.