కాకతీయ రుద్రమదేవి యుద్ధజీవితము - వేంగీ సీమతో సంబంధము

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199 నుండి 1262 వరకు ఓరుగల్లు రాజధానిగా పాలించాడు. పుత్రసంతానం లేనందున కుమార్తె రుద్రమను తన జీవితకాలంలోనే రాజ్యనిర్వహణలో భాగస్వామిని చేశాడు. శాసనాలు అనేకచోట్ల ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నవి. ఈ పురుషనామం సింహాసనాధికారాన్ని నిలిపినది. కాని యుద్ధరంగంలో ఆ స్త్రీమూర్తి నిర్వహించిన పాత్రను మరుగుపరచినది కూడ. కావున ఆమె యుద్ధజీవితాన్ని గుర్తించుటకు శాసనాలను పరస్పరం పోల్చి చూడవలసి ఉన్నది.

రుద్రమ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్య వంశీయుడు. తాడేపల్లిగూడేనికి ఈశాన్యాన ఉన్న ఈ పట్టణానికి నిరవద్యపురమని ప్రాచీననామం. ఏలూరు చెంతనున్న పెదవేగి కేంద్రంగా వెలసిన వేంగీ సీమపై కాకతీయుల పట్టునకు ఈ వివాహసంబంధం దోహదం చేసినది. కొల్లేటి ప్రాంతంలోని కొలను రాజ్యాన్ని గణపతిదేవుని కాలంలో ఇందులూరి సోమమంత్రి జయించాడు. ఆ వంశీయుడైన అన్నయమంత్రి రుద్రమ కుమార్తె రుయ్యమను పరిణయమాడాడు. ఇందులూరివారి వంశచరిత్రకు కొలని గణపతిదేవుని శివయోగసారము ముఖ్యాధారం.

రుద్రమ పాలన యుద్ధాలతోనే ఆరంభమైనది. పశ్చిమాన దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తాడు. ఆ రాజు గజాలను, వాద్యాలను హరించి, స్త్రీ అయినందున ఆమెను వధింపక విడిచెనని హేమాద్రి తన వ్రతఖండ ప్రశస్తిలో వర్ణించాడు. ఇది ప్రభుభక్తితో కూడిన ఆస్థాన పండితుని వాక్కు. బీదరు శాసనం ఇందుకు భిన్నమైన సాక్ష్యం: ఆ కోటలో ఆమె అధికారం నెలకొన్నట్లు అది తెలుపుతున్నది. తూర్పున కళింగ గాంగులు గోదావరీ మండలంలో ప్రవేశించగా, పోతినాయక, ప్రోలినాయకులు వారిని ఎదిరించి వేంగీ సీమను నిలిపారు. ఆ విజయకీర్తి సేనానుల బిరుదాలలో నిక్షిప్తమైనది.

చివరి యుద్ధానికి సంబంధించిన సాక్ష్యం వేరు. కాయస్థ అంబదేవుడు తిరుగుబాటు చేసి దక్షిణసీమలో స్వతంత్రించాడు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం శక సంవత్సరం 1211, అనగా 1289 నవంబరు 27వ తేదీ నాటిది. సేనాపతి మల్లికార్జున నాయకుని సేవకుడైన పువ్వుల ముమ్మడి, శివసాన్నిధ్యం పొందిన రుద్రమదేవికి, తన నాయకునికి పుణ్యంగా సోమనాథదేవునికి భూదానం చేశాడు. రాణిని, సేనాపతిని ఒకే దానంలో స్మరించుట ఇందులోని విశేషం. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో అంబదేవుడు మల్లికార్జునుని సప్తాంగహీనుని చేసినట్లు చెప్పుకొన్నాడు. ఈ రెండింటిని సమన్వయించి, ఆమె అంబదేవునితో జరిగిన పోరులో సేనానితోపాటు అసువులు బాసినదని చరిత్రకారులు నిర్ణయించారు. అంతకుముందు ఆమె పాలన 1295 వరకు సాగినదని తలచేవారు.

చందుపట్ల శాసనం మరణస్థలాన్ని గాని, యుద్ధక్రమాన్ని గాని వర్ణింపదు. అయినను దాని విలువ తగ్గదు. హేమాద్రి స్త్రీత్వాన్ని దయకు పాత్రమైన బలహీనతగా చూచాడు. ఒక సామాన్య సేవకుడు మాత్రం ఆమెను సేనానితో సమానంగా స్మరించాడు. మనుమడు ప్రతాపరుద్రునికి రాజ్యాన్ని మిగిల్చిపోయిన రుద్రమ సైనికజీవితాన్ని అంచనా వేయుటలో ఆస్థాన ప్రశస్తి కంటె ఈ చిన్నశాసనానికే ప్రామాణ్యం హెచ్చు.