మరియా మోంటిస్సోరి చరిత్రము

శిశువు పెద్దల చేతిలోని మట్టిముద్ద యనియు, కుమ్మరి సారెపై వలె దానిని ఇష్టమువచ్చినట్లు మలచవచ్చుననియు మనలో ననేకులు తలంచుచుందురు. ప్రతి శిశువునందును తనదే యగు స్వభావ మొకటి గలదనియు, దాని నెఱుగుటకు ముందుగా పెద్దలు తమ చేయి వెనుకకు తీసికొనవలెననియు చేసి చూపిన వనిత మరియా మోంటిస్సోరి. ఆమె పేరు మా కంకిపాటి ప్రాంతమునను బడుల నామఫలకములపై గానవచ్చుచున్నది. చరిత్ర మెఱిగినవారు మాత్రము కొలదిమంది.

ఈమె 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీని ఇటలీదేశమున కియరవల్లె యను పట్టణమున జన్మించెను. స్త్రీలు వైద్యము చదువుట వింతగా నెంచబడు కాలమున రోమునగర విశ్వవిద్యాలయమున 1896లో వైద్యపట్టమును బడసెను. పిమ్మట మందబుద్ధులని త్రోసివేయబడిన బాలురకు, చేతికి పని కల్పించు పరికరములతో విద్య గఱపెను. వారిలో కొందఱు సామాన్యబాలురతో సమానముగ పరీక్షలందు నెగ్గగా లోకము మెచ్చెను. ఆమెకు మాత్రము, ఆరోగ్యవంతులగు బాలురను ఇంత తక్కువస్థితియం దుంచుచున్నది మన బడులే గావా యను సందేహము గలిగెను.

1907 జనవరి 6వ తేదీని రోములోని సాన్ లొరెంజో యను పేదలపేటలో ఆమె శిశుగృహమును దెఱచెను. తల్లిదండ్రులు కూలికి పోగా పిల్లలు గోడలు పాడుచేయుచున్నారని ఇండ్ల యజమానులు వారిని కనిపెట్టుటకు ఒక గది నిచ్చిరి. అంతకుమించి వారు కోరినది లేదు. అచ్చట మూడేండ్ల బాలిక యొకతె కొయ్యదిమ్మెలను వాని రంధ్రములలో నమర్చుచు, తీయుచు, మరల నమర్చుచుండెను. తక్కినవారిచే పాటలు పాడించినను, ఆమె కూర్చున్న కుర్చీని బల్లపై కెత్తినను, దిమ్మెలను ఒడిలో నుంచుకొని నలువదిమారులకు పైగా ఆ పనియే చేసి, తనంతట తానే సంతోషముతో లేచెను. మఱియొకనాడు ఉపాధ్యాయిని బీరువాకు తాళము వేయ మఱచెను. పిల్లలు తమకు వలసిన వస్తువులను తామే తీసికొని పనిచేయుచుండిరి. ఉపాధ్యాయినికి అది దొంగతనముగ దోచెను. మోంటిస్సోరికి ఎవరికేది ప్రియమో తెలుపు సాక్ష్యముగ దోచెను. న్యాయస్థానములలో దినము గడపు మాకు ఈ వృత్తాంతము మిక్కిలి రుచించినది. నాటినుండి పిల్లల కందునట్టి పొట్టి అలమారులు వచ్చెను. ఒకడు గరుకుకాగితపు అక్షరములను వ్రేలితో దిద్దును, ఒకతె బల్ల కడుగును, వేఱొకడు ఊరక చూచుచుండును. బహుమానములను పిల్లలు లెక్కచేయకుండుట గాంచి ఆమె వానిని మానివేసెను.

ఆమెయందు దోషములు లేవని మే మనము. ప్రతి పరికరమును ఒకేరీతి వాడవలెనను పట్టుదల యామెకు గలదు. కథలును ఊహాక్రీడలును శిశువునకు వలయునను వారి యాక్షేపణ కొంతవఱకు న్యాయమే. ముస్సోలినీ ప్రభుత్వపు ప్రాపును గైకొనెను. పిమ్మట ఆ ప్రభుత్వమే యామె పాఠశాలలను మూయించెను. 1898లో అవివాహితయై కనిన మేరియో యను కుమారుని పల్లెలో పరులయొద్ద పెంచవలసివచ్చెను. తండ్రి వేఱొకతెను పెండ్లాడి గౌరవముగనే బ్రదికెను. లోకమునకు వెఱచి బిడ్డను దాచవలసినది తల్లి మాత్రమే. అందఱి బిడ్డల స్వేచ్ఛకై పోరాడిన యామె తన బిడ్డను తనవాడని చెప్పుకొనజాలక చిరకాలము గడపెను.

1939లో దివ్యజ్ఞాన సమాజమువారి యాహ్వానమున ఆ కుమారునితో చెన్నపురి యడయారునకు వచ్చి, సుమారు మున్నూఱుమంది ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. మఱుసటియేడు ఇటలీ యుద్ధమున జేరగా ఆంగ్లప్రభుత్వము మేరియోను నిర్బంధించెను. ఆమె డెబ్బదవ జన్మదినమున అతడు విడుదలయయ్యెను. 1946 వఱకు ఈ దేశముననే యుండి, 1952 మే 6వ తేదీని హాలండుదేశమున మరణించెను.

బెజవాడలో 1955లో వేగె కోటేశ్వరమ్మగారు ఆమె పేర బాలల పాఠశాల నెలకొల్పిరి. ఆ పేరు నేడు అనేకులు వాడుచున్నారు. లోపల మాత్రము పలుచోట్ల మూడేండ్లవారందఱు చేతులు కట్టుకొని ఒకే గొంతుతో అక్షరములు వల్లించుచున్నారు. విలువగల పరికరములు లేవని చెప్పుట సాకు మాత్రమే. మన కృష్ణాతీరపు ఇండ్లలో మినుములును పెసలును కలిపిన పళ్లెము, రెండు గిన్నెలు, ఒక చాప దొరకకపోవు. పెద్దవారొకరు దగ్గఱ గూర్చుండి మాటాడక చూచుచుండిన చాలును; ఏరుట ఎప్పుడు చాలించవలెనో బిడ్డకే తెలియును.